చిప్పు మీద ఐసొలేటర్: గార్నెట్‌ను ఎప్పుడు లోపలికి రానివ్వాలి

రెండు నెలల కిందట వరంగల్ కుర్రాడొకడు మా గ్రూపులో చేరాడు. మొదటి వారంలోనే ల్యాప్‌టాప్ పట్టుకుని నా దగ్గరికొచ్చి, "అన్నా, సిమ్యులేషన్ అయిపోయింది, 35 డీబీ వస్తోంది. ఇక మాస్క్ పంపేద్దామా?" అన్నాడు. గ్రాఫ్ చూస్తే ముచ్చటేసింది. (డీబీ అంటే కాంతి ఎంత తగ్గిందో చెప్పే కొలత, మాస్క్ అంటే చిప్పు మీద ఆకారాలు అచ్చువేసే పలక.)

"గార్నెట్ ఎప్పుడు వేస్తావు తమ్ముడూ?"

"లాస్ట్‌లో అన్నా, అన్నీ అయ్యాక."

"మెటల్ కూడా అయ్యాకనా?"

"ఆఁ."

"గార్నెట్‌ను 800 డిగ్రీల్లో కాల్చాలి కదా, అప్పుడు అల్యూమినియం ఏమవుతుంది?"

కాసేపు నా మొహం చూసి, నవ్వేసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది. గార్నెట్ అంటే ఐసొలేటర్‌కు ప్రాణమైన, ఇనుము కలిసిన అయస్కాంత స్ఫటికం.

ఆ సాయంత్రం వాడికి చెప్పిన సంగతులే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. మాది తెనాలి. తొమ్మిదేళ్లుగా అమెరికాలో ఒక యూనివర్సిటీ క్లీన్‌రూమ్‌లో పలచటి పొరలు వేయడమే నా ఉద్యోగం. అందుకని ఇందులో లెక్కల కంటే పొయ్యి, పొర, పగుళ్లు, అయస్కాంతం గురించే ఎక్కువ ఉంటుంది. ఈ పనిలో చేతులు కాలేది అక్కడే.

ముందు ఐసొలేటర్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో. సైకిల్ ట్యూబుకు వాల్వు ఎలాగో లేజర్‌కు ఐసొలేటర్ అలాగ. కాంతిని బయటికి పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. ఫైబర్ కొసలోనో, కనెక్టర్‌లోనో తగిలి తిరిగొచ్చిన కాంతి లేజర్‌లోకి దూరితే లేజర్ తిక్కగా ప్రవర్తిస్తుంది. రంగు అటూ ఇటూ గెంతుతుంది, నాయిస్ పెరుగుతుంది. బజారులో దొరికే ఐసొలేటర్‌లో రెండు పోలరైజర్లు (ఒకే దిశలో కంపించే కాంతిని పోనిచ్చేవి), వాటి మధ్య ఒక గార్నెట్ ముక్క, చుట్టూ అయస్కాంతం ఉంటాయి. 1845లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. అయస్కాంత క్షేత్రంలో ఉన్న పదార్థం గుండా వెళ్లేటప్పుడు కాంతి కంపించే దిశ తిరుగుతుంది. అసలు కిటుకు ఏమిటంటే, కాంతి వెనక్కి వచ్చేటప్పుడు ఆ తిరుగుడు రద్దు కాదు, అదే వైపుకు ఇంకా తిరుగుతుంది. పోయేటప్పుడు 45 డిగ్రీలు, వచ్చేటప్పుడు మరో 45, మొత్తం 90. మొదటి పోలరైజర్ దాన్ని ఆపేస్తుంది.

ఇదే బొమ్మను కుదించి చిప్పు మీద పెడదామంటే కుదరదు. 220 నానోమీటర్ల మందం, 500 నానోమీటర్ల వెడల్పు ఉన్న సిలికాన్ వేవ్‌గైడ్‌లో (కాంతిని నడిపించే సన్నటి దారిలో) అడ్డంగా కంపించే కాంతిది ఒక వేగం, నిలువుగా కంపించే దానిది మరో వేగం. వాటినే మనం టీఈ, టీఎం అంటాం. వేగాలు కలవనప్పుడు ఒకటి రెండోదిగా తిరగడం మొదలవగానే మళ్లీ వెనక్కి పోతుంది. అందుకే చిప్పు మీద తిప్పడం సంగతి మర్చిపోయి, ఫేజ్ (అల ఎక్కడిదాకా వచ్చిందన్న లెక్క) తేడాతో పని కానిస్తాం. వేవ్‌గైడ్ పైన గార్నెట్ పొర వేసి, కాంతి నడకకు అడ్డంగా అయస్కాంత క్షేత్రం పెడితే, టీఎం కాంతికి ముందుకు వెళ్లేటప్పుడు ఒక ఫేజ్, వెనక్కి వచ్చేటప్పుడు మరో ఫేజ్ వస్తుంది. ఆ చిన్న తేడాను కాంతి గుండ్రంగా తిరిగే రింగ్‌లోనో, రెండు దారులు చీలి కలిసే మాక్-జెండర్‌లోనో పెట్టి పెద్దది చేసుకుంటాం.

ఇంకో మాట చెప్పి ముందుకు పోతాను. అయస్కాంతం లేకుండా, వేవ్‌గైడ్‌ను ఒక పక్క సన్నగా, ఇంకో పక్క వెడల్పుగా చెక్కి, "ఇదిగో ఐసొలేటర్" అంటూ వచ్చేవాళ్లు ఏడాదికి ఒకరైనా తగులుతారు. మామూలు పదార్థంతో, కాలంతో పాటు మారని, తీవ్రతను బట్టి మారని నిర్మాణం ఏదైనా సరే, రెండు వైపులా ఒకేలా పనిచేస్తుంది. ఆకారంతో దాన్ని మోసం చేయలేం.

మూడు తలుపులు

డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరవకముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది. గార్నెట్ మీ ప్రాసెస్‌లోకి ఏ తలుపు గుండా వస్తుంది? ఫౌండ్రీలోనే (చిప్పులు చేసిపెట్టే ఫ్యాక్టరీలోనే) మెటల్‌కు ముందా, బయట తయారై వచ్చి అతుక్కుంటుందా, లేక ఫౌండ్రీ పని అయ్యాక మన ల్యాబులోనా? చివరికి వచ్చే డీబీలు చాలావరకు ఇక్కడే తేలిపోతాయి.

మొదటి తలుపు ఫౌండ్రీ లోపలే, మెటల్ పడకముందే గార్నెట్ వేయడం. వేడి పరంగా ఇదే మేలు. కానీ గార్నెట్ అంటే అందులో ఇనుము ఉంటుంది. సిలికాన్‌లో ఇనుము వేగంగా పాకి, ట్రాన్సిస్టర్లనూ డిటెక్టర్లనూ పాడుచేస్తుంది. ఇనుము ఉన్న వేఫర్‌ను (చిప్పులు చేసే సిలికాన్ పలకను) తమ ఫర్నేస్‌లోకి రానిమ్మని అడిగితే ఫౌండ్రీ వాళ్ల మొహాలు ఎలా మారతాయో చూడాలి. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకనపెట్టుకెళ్లినట్టే ఉంటుంది మన పని.

రెండో తలుపు అతికించడం. సీరియం కలిపిన యిట్రియం ఐరన్ గార్నెట్‌ను దాని సైజుకు సరిపోయే వేరే గార్నెట్ పలక మీద ఏక స్ఫటికంగా పెంచుతారు. రెండు ముఖాలనూ ప్లాస్మాతో చురుకు చేసి, చిప్పు మీద బోర్లించి, నొక్కి, 200 డిగ్రీల చుట్టుపక్కల వేడిచేస్తే అతుక్కుంటుంది. టోక్యోలో మిజుమోటో, షోజీల బృందం 2008లో ఈ దారిలోనే సిలికాన్ మీద 21 డీబీ చూపించింది. తర్వాత కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా బృందం 2016లో అతికించిన గార్నెట్ మీద చిన్న విద్యుదయస్కాంతాన్ని కూడా పెట్టి, రింగ్‌తో 32 డీబీ దాకా వెళ్లింది. పొర నాణ్యతలో దీనికి సాటి లేదు. అతికించే పొర 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర సెంటీమీటరుకు 4500 డిగ్రీల దాకా కాంతిని తిప్పుతుంది. చిక్కేమిటంటే ఇది ముక్కముక్కగా చేసే పని. మధ్యలో ఒక మైక్రాన్ దుమ్ము రేణువు చిక్కిందా, దాని చుట్టూ మిల్లీమీటర్ల మేర గాలి బుడగ నిలుస్తుంది, ఆ ముక్క పోయినట్టే. గార్నెట్ పలకలు ఖరీదు, పైగా చిన్నవి.

మూడో తలుపు నాది. ఫౌండ్రీ నుంచి మెటల్, హీటర్లు లేని చిప్పులు తెప్పించుకుని, గార్నెట్ కావలసిన చోట మాత్రమే పైనున్న గాజులాంటి ఆక్సైడ్ పొరలో కిటికీ తెరిచి, మన ల్యాబులో గార్నెట్ వేసి, కాల్చి, అన్నిటికంటే ఆఖర్న హీటర్ మెటల్ వేసుకోవడం. కేరొలిన్ రాస్ ఎంఐటీ బృందం 2011లో గార్నెట్‌ను నేరుగా చిప్పు మీదే వేసి 19.5 డీబీ ఐసొలేషన్ చూపించాక ఈ దారికి గిరాకీ పెరిగింది. అప్పుడు ముందుకు పోయే కాంతిలోనూ దాదాపు 19 డీబీ నష్టపోయారన్న సంగతి మాత్రం చాలామంది చెప్పరు. వాళ్లే దాచకుండా రాశారు. చదివేవాళ్లు దాటేసి పోతారు, అంతే.

చిప్పులు ఆర్డర్ చేసేటప్పుడు "మెటల్ వద్దు" అని ఊరుకోకండి. కిటికీ అడుగున ఎంత ఆక్సైడ్ మిగులుస్తారో కూడా రాతపూర్వకంగా అడగండి. గార్నెట్‌కూ సిలికాన్‌కూ మధ్య 20 నానోమీటర్ల ఆక్సైడ్ మిగిలినా, కాంతి గార్నెట్‌ను తాకేది తగ్గి, కష్టపడి తెచ్చుకున్న ఫేజ్ తేడా కరిగిపోతుంది.

మాస్క్ మీద జాగ్రత్తలు

రింగా, మాక్-జెండరా అని అందరూ వాదించుకుంటారు. నేనైతే ఒకే మాస్క్ మీద రెండూ పెట్టమంటాను. రింగ్ మీ పొరకు థర్మామీటరు లాంటిది. ఒక్క కొలతతో పొరలో నష్టమెంతో, ఫేజ్ తేడా ఎంతో రెండూ తెలిసిపోతాయి. కానీ అది సన్నటి తరంగదైర్ఘ్యం దగ్గరే పనిచేస్తుంది, ఒక్క డిగ్రీ వేడెక్కితే అక్కడి నుంచి జారిపోతుంది. నలుగురికీ పనికొచ్చే ఐసొలేటర్ కావాలంటే మాక్-జెండరే. కిటికీ తెరవని రింగులు కూడా నాలుగైదు పెట్టుకోండి. గార్నెట్ వచ్చాక నష్టం పెరిగిందంటే అది గార్నెట్ వల్లా, మొదట్నుంచీ ఉన్నదా అని చెప్పే సాక్షులు అవే.

ఇక అందరూ చేసే తప్పు, నేనూ చేసింది. గుండ్రటి రింగ్ మొత్తం గార్నెట్‌తో కప్పి, పక్కన ఒక అయస్కాంతం పెట్టాను. కొలిస్తే తేడా సున్నా. రెండు రోజులు పొరను తిట్టుకున్నాను, పొర తప్పేమీ లేదు. క్షేత్రం అంతటా ఒకే దిశలో ఉంది, కాంతి మాత్రం రింగ్ ఈ పక్కన ఉత్తరానికి, ఆ పక్కన దక్షిణానికి నడుస్తోంది. ఈ పక్క వచ్చిన ఫేజ్‌ను ఆ పక్క కొట్టేస్తోంది. అందుకే రింగ్‌ను పరుగు పందెం ట్రాక్‌లా సాగదీసి, ఒక్క తిన్నని పక్క మీదే కిటికీ తెరవాలి. 2011 నాటి డిజైన్‌లో ఉన్నదీ ఇదే. బొమ్మ చూసినప్పుడు అదేదో స్థలం కలిసొస్తుందని అలా పెట్టారనుకున్నాను.

మాక్-జెండర్‌లోనూ అదే గొడవ. రెండు చేతులూ (అంటే చీలిన రెండు దారులూ) పక్కపక్కనే ఒకే దిశలో పోతూ, ఒకే క్షేత్రంలో ఉంటే రెంటికీ ఒకే ఫేజ్ వచ్చి తేడా రాదు. ఒక చేతి మీదే గార్నెట్ వేస్తే తేడా వస్తుంది కానీ, ఆ చేతిలో నష్టం ఎక్కువై రెండు చేతుల బలం సమానంగా ఉండదు. అప్పుడు వెనక్కి వచ్చే కాంతి పూర్తిగా ఆరిపోదు. వేవ్‌గైడ్‌ను పాము మెలికలా మడిచి, ఒక చేతిలో ముందుకు పోయే గీత మీద, రెండో చేతిలో వెనక్కి తిరిగిన గీత మీద సమానమైన కిటికీలు తెరవడం నాకు నచ్చిన ఉపాయం. అప్పుడు ఒకే అయస్కాంతంతో రెండు చేతులకూ ఎదురెదురు ఫేజులు వస్తాయి, నష్టమూ సమానంగా పంచుకుంటాయి.

లెక్క ఇలా ఉంటుంది. అయస్కాంతం వల్ల రెండు చేతుల మధ్య ముందుకు ప్లస్ 90 డిగ్రీలు, వెనక్కి మైనస్ 90 రావాలి. దీనికి తోడు ఒక చేతిని పావు తరంగం మేర పొడుగు చేసి, రెండు వైపులా మైనస్ 90 ఉండేలా పెడతాం. ముందుకు మొత్తం సున్నా, కాంతి కలిసి బయటికి పోతుంది. వెనక్కి మైనస్ 180, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆ పావు తరంగం సిలికాన్‌లో 200 నానోమీటర్ల చుట్టుపక్కలే. కాగితం మీద తేలిక, చిప్పు మీద నరకం. వేవ్‌గైడ్ వెడల్పు ఒకటి రెండు నానోమీటర్లు అటూ ఇటూ అయితే చాలు, పొడవాటి చేతుల మీద ఆ 90 కాస్తా 60 అవుతుంది, 130 అవుతుంది. అందుకే దిద్దుకోవడానికి హీటర్ తప్పనిసరి. హీటర్ అంటే మెటల్. మళ్లీ మొదటి ప్రశ్న దగ్గరికే వచ్చామా? కాల్చడం ముందు, హీటర్ తర్వాత.

మరో సంగతి. పైన గార్నెట్ వేసే ఈ పద్ధతి టీఎం కాంతికే. మామూలుగా లేజర్ల నుంచి వచ్చేది టీఈ. కాబట్టి లేజర్ పక్కన టీఈని టీఎంగా మార్చే ముక్క పెట్టాలి, దానికీ కొంత నష్టం కట్టాలి. వేవ్‌గైడ్ పక్కగోడ మీద గార్నెట్ వేస్తే నేరుగా టీఈకే పనిచేస్తుంది. చైనా చెంగ్డూలోని లెయ్ బీ బృందం, ఎంఐటీ వాళ్లతో కలిసి 2019లో సిలికాన్ మీదా, సిలికాన్ నైట్రైడ్ మీదా అలా చేసి చూపించారు. ఒకే పక్క గోడ మీద పొరను సమంగా నిలబెట్టడం మొదటి ప్రయత్నంలో పెట్టుకోవాల్సిన పని కాదు.

పొర వేయడం, కాల్చడం

కిటికీ తెరవడంలో మూడొంతులు ప్లాస్మాతో చెక్కి, ఆఖరి 50–100 నానోమీటర్లు పలచన చేసిన హెచ్ఎఫ్ (హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం) ద్రావణంతో తియ్యండి. మొత్తం ప్లాస్మాతోనే చేస్తే సిలికాన్ పైముఖం గరుకైపోతుంది. మొత్తం ద్రావణంతో చేస్తే పక్కలకు తినేసి, వేవ్‌గైడ్ కింద ఆక్సైడ్ కూడా పోతుంది.

ఇప్పుడు గార్నెట్. యిట్రియం ఐరన్ గార్నెట్‌ను ల్యాబులో అందరూ యిగ్ అంటారు. దాని అణువుల అల్లిక పునరావృతమయ్యే దూరం 12.38 ఆంగ్‌స్ట్రాములు, సిలికాన్‌ది 5.43. పైగా మనం వేసేది చాలాచోట్ల గాజులాంటి ఆక్సైడ్ మీద. కాబట్టి సీరియం కలిపిన యిగ్‌ను నేరుగా వేసి కాలిస్తే అది గార్నెట్‌గా అల్లుకోకుండా, సీరియం ఆక్సైడ్, ఐరన్ ఆక్సైడ్‌గా విడిపోవడానికే మొగ్గుతుంది. పెరుగుకు తోడు వేసినట్టు, ముందు మామూలు యిగ్ పలచటి పొర వేసి దాన్ని గార్నెట్‌గా తోడుపెట్టాలి. నేను స్పటరింగ్‌తో (టార్గెట్ అనే పలక నుంచి అణువులను కొట్టి పొరగా పేర్చే పద్ధతి) 45 నానోమీటర్లు వేస్తాను. పడినప్పుడు అది గాజులా ఉంటుంది, అల్లిక ఉండదు. ఆక్సిజన్‌లో 800–850 డిగ్రీల దగ్గర కొద్ది నిమిషాల పాటు వేగంగా కాలిస్తే గార్నెట్ అవుతుంది. దాని మీద సీరియం యిగ్ 100 నానోమీటర్ల దాకా. మిన్నెసోటాలో బెథనీ స్టాడ్లర్ బృందం యిట్రియం బదులు టెర్బియం వాడితే తోడు లేకుండానే గార్నెట్ అవుతుందని చూపించింది. టెర్బియం టార్గెట్ చేతిలో ఉంటే అదీ ఒక దారే.

ఇక్కడ నా బుర్ర తక్కువ పని ఒకటి చెప్పాలి. యిగ్‌ను ఆక్సిజన్‌లో కాల్చాను కదా, అదే రెసిపీ సీరియం పొరకూ నొక్కేశాను. మర్నాడు రింగ్ కొలిస్తే, గ్రాఫ్‌లో పదునుగా ఉండాల్సిన గుంట చప్పిడిగా, వెడల్పుగా, దాదాపు కనబడకుండా పోయింది. సీరియం గార్నెట్‌లో మూడు ఛార్జీలతో ఉంటేనే మనకు కావాల్సిన పని చేస్తుంది. ఆక్సిజన్ ఎక్కువైతే నాలుగు ఛార్జీలకు మారిపోయి, కాంతిని తిప్పడం మానేసి తాగడం మొదలుపెడుతుంది. సీరియం పొరకు వాక్యూమ్, లేదా చాలా తక్కువ ఆక్సిజన్. రెండు రెసిపీలకూ మెషీన్‌లో పేర్లు వేరువేరుగా పెట్టుకోండి. నేను "యిగ్", "యిగ్ 2" అని పెట్టుకున్నాను. తప్పు అక్కడే మొదలైంది.

అసలు చిప్పు పక్కన ప్రతిసారీ ఒక ఖాళీ సిలికాన్ ముక్క పెట్టండి. పగలగొట్టి చూడటానికి, ఎక్స్-రే డిఫ్రాక్షన్‌కు (ఎక్స్-రేతో స్ఫటిక అల్లికను చూసే కొలతకు) అదే పనికొస్తుంది. రాగి ఎక్స్-రేతో చూస్తే 32.3 డిగ్రీల దగ్గర గార్నెట్ శిఖరం నిలబడాలి. 28.8 దగ్గర కూడా ఒకటుంటుంది కానీ దాన్ని నమ్ముకోవద్దు, విడిపోయిన సీరియం ఆక్సైడ్ శిఖరం 28.5 దగ్గర పక్కనే కూర్చుంటుంది. ఆ రెంటినీ కలిపి చూసి "గార్నెట్ వచ్చేసింది" అని పండగ చేసుకున్నవాళ్లు ఉన్నారు.

ఇక పగుళ్లు. మా అమ్మమ్మ దగ్గర ఆవకాయ జాడీ ఉండేది, తెల్లగా, మెడ దగ్గర గోధుమరంగు పట్టీ. దాని మెరుపు పూత నిండా సాలెగూడులా సన్నటి గీతలు. వేలితో తడిమితే తెలియవు, ఎండలో ఏటవాలుగా పట్టుకుంటే కనిపిస్తాయి. నా మొదటి గార్నెట్ పొరను మైక్రోస్కోపు కింద పెట్టినప్పుడు అచ్చం ఆ జాడీయే కనిపించింది. కారణమూ అదే. బట్టీలో వేడిగా ఉన్నప్పుడు పూతా, మట్టీ సర్దుకునే ఉంటాయి. చల్లారేటప్పుడు పూత ఎక్కువ కుంచించుకుంటుంది, మట్టి అంతగా కుంచించుకోదు, లాగుడుకు పూత చిట్లుతుంది. గార్నెట్ సిలికాన్ కంటే దాదాపు నాలుగు రెట్లు వ్యాకోచిస్తుంది. 800 డిగ్రీల నుంచి గది వేడికి దిగేసరికి సెంటీమీటరు పొడవుకు 50, 60 మైక్రాన్ల తేడా వస్తుంది. అంత లాగుడుకు పలచటి పొర ఆగాలి.

మెల్లగా చల్లార్చితే పగలదనుకుని నేను రెండు నెలలు వృథా చేశాను. నిమిషానికి రెండు డిగ్రీల చొప్పున రాత్రంతా చల్లార్చినా, పొద్దున్న చూస్తే అవే గీతలు. తేడా మొత్తం ఎంతన్నదే లెక్క, ఎంత నెమ్మదిగా వచ్చిందన్నది కాదు. పనికొచ్చినవి రెండు: పొరను పలచగా ఉంచడం, గార్నెట్‌ను చిప్పంతా పరచకుండా చిన్న చిన్న దీవులుగా విడగొట్టడం. కాల్చకముందే కిటికీ బయటి గార్నెట్‌ను లిఫ్టాఫ్‌తో (అడుగున ముందే వేసిన పూతను కరిగించి, దానితో పాటు పైపొరనూ లేపేసే పద్ధతి) తీసేస్తే లాగుడుకు పొడవే దొరకదు. యిగ్ పొరకే కాదు, సీరియం పొరకూ ఇదే నియమం.

అయస్కాంతం

పలచటి గార్నెట్ పొర తన తలం లోపలే అయస్కాంతీకరణ చెందడానికి ఇష్టపడుతుంది. మనకు కావలసిందీ ఆ దిశే, చిప్పు తలంలో వేవ్‌గైడ్‌కు అడ్డంగా. కొన్ని వందల ఓర్‌స్టెడ్‌ల (అయస్కాంత క్షేత్రపు కొలత) క్షేత్రం చాలు, బఠాణీ గింజంత అయస్కాంతం సరిపోతుంది.

నేను మాత్రం "ఎక్కువైతే తప్పేముంది" అని అంగుళం నియోడైమియం దిమ్మ తెచ్చాను. దాన్ని స్టేజ్ (చిప్పును పెట్టి కొలిచే బల్ల) వైపు జరుపుతున్నాను, ఇంకా నాలుగు వేళ్ల దూరం ఉంది, చేతిలోంచి లాక్కున్నట్టు ఎగిరి స్టేజ్ పక్కనున్న స్టీలు మరకు టప్పున అతుక్కుంది. దారిలో ఫైబర్ అరే (వరసగా పేర్చిన ఫైబర్లు) ఉంది. మూడు నెలలు కష్టపడి చేసిన చిప్పు రెండు ముక్కలు, ఫైబర్ ఎనిమిది ముక్కలు. శబ్దం విని పక్క బే నుంచి వచ్చినావిడ ఏమీ అనకుండా నాకు చీపురు తెచ్చిచ్చింది. అప్పటినుంచి నా నియమం ఒకటే: అయస్కాంతాన్ని ముందు అల్యూమినియం పట్టీలో బిగించాలి, ఆ పట్టీని మర తిప్పుతూ చిప్పు దగ్గరికి జరపాలి. పట్టకార్లు టైటానియంవి, స్టేజ్ మీద మరలు ఇత్తడివి.

ల్యాబులో నియోడైమియం చాలు. ప్యాకేజ్ దాకా వెళ్తే సమేరియం కోబాల్ట్ తీసుకోండి. సోల్డర్ ఓవెన్‌లో 260 డిగ్రీలు తగులుతుంది. ఆ వేడికి మామూలు నియోడైమియం తన బలాన్ని చాలావరకు పోగొట్టుకుంటుంది, సమేరియం కోబాల్ట్ తట్టుకుంటుంది. మనవాళ్లకు ఇదేమీ దూరపు లోహం కాదు. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్, అణు పరిశోధన కేంద్రం బార్క్ తయారుచేసిన పద్ధతితో సమేరియం కోబాల్ట్ అయస్కాంతాలు చేసే ప్లాంట్‌ను విశాఖలోని బార్క్ క్యాంపస్‌లో 2023 మేలో జాతికి అంకితం చేశారు. సీరియం సంగతికొస్తే, భీమిలి తీరంలో ఇసుకతో కలిసి ఉండే మోనజైట్‌లో అదే దండిగా ఉంటుంది. చిన్నప్పుడు ఆ బీచ్‌లో నల్ల ఇసుకతో గూళ్లు కట్టాను. ఇప్పుడు అదే లోహం ఉన్న టార్గెట్ కోసం ఆర్డర్ పెట్టి పది వారాలు ఎదురుచూస్తుంటాను.

కొలవడం

ఇక్కడ మనల్ని మనమే మోసం చేసుకునే అవకాశం చాలా ఎక్కువ. ఎడమ నుంచి కాంతి పంపి కొలిచి, ఫైబర్లు మార్చి కుడి నుంచి పంపి కొలిచి, తేడా 18 డీబీ వచ్చిందని నేను ఒకసారి మా గ్రూపు మీటింగ్‌లో స్లైడ్ వేసేశాను. ఎవరో అడిగారు, అయస్కాంతం తీసేస్తే ఎంత వస్తుందని. తీసి చూస్తే 16. అంటే నా ఐసొలేషన్‌లో ఎక్కువ భాగం ఫైబర్లు మార్చినప్పుడు వచ్చిన అలైన్‌మెంట్ తేడా, ఆ మధ్యలో చిప్పు వేడి మారి జారిన రింగ్.

కాబట్టి నాలుగు గీతలు కొలవండి. ముందుకు, వెనక్కి, అయస్కాంతాన్ని తిప్పి మళ్లీ ముందుకు, వెనక్కి. క్షేత్రం ఒక వైపు ఉన్నప్పటి ముందు గీత, క్షేత్రం తిప్పినప్పటి వెనక గీత ఒకదాని మీద ఒకటి పడాలి. పడకపోతే మీరు కొలుస్తున్నది గార్నెట్‌ను కాదు. చిప్పు కింద ఉష్ణోగ్రత నియంత్రించే పలక లేకుండా రింగ్ కొలతకు దిగకండి. నా పొరతో ముందు వెనకల మధ్య రింగ్ జారుడు తరంగదైర్ఘ్యంలో 40 పికోమీటర్లు. సిలికాన్ రింగ్ ఒక్క డిగ్రీ వేడెక్కితే అంతకంటే ఎక్కువే జారుతుంది. మైక్రోస్కోపు దీపం వెలిగించినా చాలు, కొలత పోయినట్టే. దీపం ఆర్పి పదిహేను నిమిషాలు ఆగి కొలవండి.

ఐసొలేషన్‌తో పాటు నష్టం కూడా పక్కనే రాయండి. 30 డీబీ ఐసొలేషన్ అంటే వెనక్కి వచ్చేది వెయ్యో వంతు, వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ ముందుకు 5 డీబీ నష్టమైతే లేజర్ ఇచ్చిన కాంతిలో మూడో వంతు కూడా మిగలదు. బజారులో దొరికే విడి ఐసొలేటర్ ఒక డీబీ లోపు నష్టంతో అదే 30 డీబీ ఇస్తుంది. అందుకే కంపెనీ వాళ్లెవరైనా "వచ్చే ఏడాది ప్రొడక్ట్ ఉంది, గార్నెట్ పొర వేద్దామా" అని అడిగితే వద్దంటాను. లక్స్‌టెరా అనే కంపెనీ చేసినట్టు లేజర్, లెన్స్, చిన్న ఐసొలేటర్ ముక్క, అద్దం అన్నీ ఒక బుల్లి డబ్బాలో పెట్టి చిప్పు మీద అతికించడమే ఇవాళ్టికి తెలివైన పని. ఒక చిప్పు మీద పదుల లేజర్లు పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ డబ్బాలకు చోటు చాలదు. అప్పటికి ఈ పొర సిద్ధంగా ఉండాలనే మా పాట్లు.

వరంగల్ తమ్ముడు మాస్క్ మార్చుకున్నాడు. రన్ షీట్‌లో హీటర్ మెటల్‌ను పదకొండో మెట్టుకు దించి, గార్నెట్‌ను ఐదో మెట్టుకు ఎక్కించాడు. పోయిన మంగళవారం డమ్మీ ముక్క కాల్చి ఫోటో పంపాడు: "అన్నా, పొర మధ్యలో క్లీన్‌గా ఉంది. గీతలన్నీ కిటికీ నాలుగు మూలల నుంచే బయల్దేరినయ్." ఫోటో పెద్దది చేసి చూశాను, నిజమే. మూలలు సూటిగా తొంభై డిగ్రీల్లో గీశాడు, లాగుడంతా అక్కడే పోగవుతుంది. మూలలన్నీ ఐదు మైక్రాన్ల వంపుతో గుండ్రంగా గీసి, కొత్త మాస్క్ పంపమన్నాను.